స్పెక్స్‌లో మామూలే, అమ్మకాల్లో ముందు: సరేగమ కారవాన్‌ని ఎందుకు కొంటున్నారు?

2017లో సరేగమ కంపెనీ కారవాన్ అనే మ్యూజిక్ ప్లేయర్‌ని 5,990 రూపాయలకి మార్కెట్లోకి దించింది. చూడ్డానికి పాతకాలం రేడియోలా ఉంటుంది. లోపల ఏముందంటే రెండు చిన్న స్పీకర్లు, బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్ఎం, ఒకసారి ఛార్జ్ చేస్తే ఐదు గంటల దాకా వచ్చే బ్యాటరీ, ముందువైపు ఒక గుండ్రటి తిప్పుడు బటన్, ఐదు వేల పాత హిందీ పాటలు. పాటల్ని పక్కన పెడితే మిగతా సామాను అంతా ఆ రోజుల్లో రెండు వేలకి దొరికే స్పీకర్‌లో కూడా ఉంది. బ్యాటరీ లెక్కలో అయితే చాలా స్పీకర్లు దీన్ని ఈజీగా దాటేస్తాయి.

మనలాంటి వాళ్లం స్పెక్ షీట్ చూడగానే "డబ్బులు దండగ బాసూ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కానీ ఆ డబ్బా లక్షల్లో అమ్ముడైంది. కొన్నేళ్లపాటు సరేగమ ఆదాయంలో పెద్ద వాటా ఈ ఒక్క వస్తువుదే. హిందీ తర్వాత తమిళం, బెంగాలీ, తెలుగు ఇలా ఒక్కో భాషకీ ఒక్కో కారవాన్ వచ్చింది. జేబులో పట్టే కారవాన్ గో వచ్చింది, అందులో మూడు వేల పాటలు. చిన్నసైజు కారవాన్ మినీ వచ్చింది, అందులో 351 పాటలు. అదే టైమ్‌లో రేడియో షేపులో ఉండే స్పీకర్లు, భక్తి పాటల డబ్బాలు, పెన్‌డ్రైవ్ ప్లేయర్లు మార్కెట్ నిండా ఉన్నాయి. సర్క్యూట్ విప్పి చూస్తే వీటికీ దానికీ పెద్ద తేడా కనపడదు. మరి ఎవరికీ గుర్తు లేని పేర్లుగా అవి ఎందుకు మిగిలాయి? ఇది ఒక్కటే ఎలా నిలబడింది?

ఈ ప్రశ్నకి జవాబు యూట్యూబ్ రివ్యూల్లో దొరకదు. మైలవరం లాంటి ఊళ్లో దొరుకుతుంది.

కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు

మైలవరం తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. ఇబ్రహీంపట్నం నుంచి తిరువూరు వైపు వెళ్లే జాతీయ రహదారి మీద, విజయవాడ నుంచి గంట ప్రయాణం. చుట్టూ మామిడి తోటలు. ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది కాబట్టి ఇయర్‌బడ్స్ గురించి, గేమింగ్ ఫోన్ల గురించి గంటల తరబడి వాదించుకునే కుర్రాళ్లకి కొదవ లేదు. ఆ కుర్రాళ్లే నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోతారు. కొందరు అక్కడి నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్తారు. ఇంట్లో నాన్న, అమ్మ, ఒక్కోసారి నాయనమ్మ మిగులుతారు. ఉమ్మడి కృష్ణా జిల్లా పల్లెల్లో ఈ సీన్ లేని వీధి అరుదు.

ఇప్పుడు బెంగళూరులో ఉన్న కొడుకు నాన్నకి ఏదైనా పంపాలనుకున్నాడు. స్మార్ట్‌ఫోన్ ఆల్రెడీ ఉంది. స్మార్ట్ స్పీకర్ పంపితే వైఫై కావాలి, యాప్ కావాలి, లాగిన్ కావాలి, ఓటీపీ వస్తుంది, ఆ ఓటీపీ ఎక్కడికి వచ్చిందో నాన్నకి తెలియదు. మామూలు బ్లూటూత్ స్పీకర్ పంపితే పెయిరింగ్ నేర్పించాలి. అది కూడా వీడియో కాల్‌లో, కెమెరా సీలింగ్ ఫ్యాన్ వైపు ఉండగా! మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. "ఆ నీలం రంగు గుర్తు నొక్కు నాన్నా", "ఏ గుర్తురా?", "పైనుంచి కిందికి లాగు", "లాగితే పోయింది". పావుగంట తర్వాత ఇద్దరికీ విసుగొస్తుంది. స్పీకర్ అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదకి.

కారవాన్ డెలివరీ వచ్చాక చేయాల్సింది ఒక్కటే, ఆన్ చేయడం. పాట వస్తుంది. తిప్పితే వేరే గాయకుడి పాటలు వస్తాయి. అంతే, నేర్చుకోవడానికి ఇంకేం లేదు.

కొనేవాడు వేరు, వాడేవాడు వేరు అయినప్పుడు స్పెక్స్ లెక్కే మారిపోతుంది. కొడుకు తన ఖర్చుని వాట్లతో పోల్చడు. "దీని గురించి నాకు మళ్లీ ఫోన్ రాకూడదు, నాన్న దీన్ని రోజూ వాడాలి" అనే దానితో పోలుస్తాడు. సరేగమకి ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. అందుకే ప్రకటనల్లో దీన్ని అమ్మానాన్నలకి పిల్లలిచ్చే బహుమతిగానే చూపించింది. పండక్కి స్వీట్ బాక్స్ పట్టుకెళ్లినట్టు పట్టుకెళ్లే వస్తువు అన్నమాట. బహుమతి అంటే అట్టపెట్టె కూడా బాగుండాలి, చూడగానే వాళ్లకి పాత రేడియో గుర్తుకు రావాలి. ఆ డిజైన్‌ని చాలామంది ముసలి స్టైల్ అని వెక్కిరించారు కానీ, నా దృష్టిలో మొత్తం ప్రోడక్ట్‌లో తెలివైన నిర్ణయం అదే. ఎలా వాడాలో ఆ ఆకారమే చెప్పేస్తుంది. రేడియోని వాడటం ఎవరికీ నేర్పక్కర్లేదు కదా.

బ్లూటూత్ స్పీకర్ సగం వస్తువు

టెక్నికల్‌గా చూస్తే ఇక్కడ మనం మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. బ్లూటూత్ స్పీకర్‌ని మనం పూర్తి గ్యాడ్జెట్ అనుకుంటాం. నిజానికి దాని మెదడు ఫోన్‌లో ఉంటుంది. పాటల లిస్టు ఫోన్‌లో, సెర్చ్ ఫోన్‌లో, ఇంటర్నెట్ ఫోన్‌లో. స్పీకర్ చేసేది శబ్దం మాత్రమే. ఫోన్ మోగితే పాట ఆగిపోతుంది. ఫోన్ పట్టుకుని మనిషి తోటలోకి వెళ్తే ఇంట్లో స్పీకర్ మూగబోతుంది. మనవడు వచ్చి తన ఫోన్ పెయిర్ చేస్తే, వాడు వెళ్లిపోయాక తాతయ్య ఫోన్ మళ్లీ కనెక్ట్ కాదు. రీఛార్జ్ అయిపోతే స్ట్రీమింగ్ ఆగిపోతుంది. ఫ్రీ యాప్ అయితే రెండు పాటలకో ప్రకటన, అదీ ఇంత గట్టిగా.

రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే టేబుల్‌లో వాట్లు, బ్యాటరీ, బ్లూటూత్ వెర్షన్, నీళ్లు పడితే తట్టుకుంటుందా లేదా అన్నీ ఉంటాయి. "ఇది పనిచేయడానికి ఇంకో వస్తువు కావాలా?" అనే లైను మాత్రం ఉండదు. ఆ ఒక్క లైను రాస్తే చాలు, పోటీలో సగం మంది అక్కడే తప్పుకుంటారు.

ఇంకొకటి, ఎంచుకోవడం కూడా ఒక పనే. మన తరానికి ప్లేలిస్టులు తయారు చేసుకోవడం సరదా. రేడియోతో పెరిగిన వాళ్లకి అది సరదా కాదు, చాకిరీ. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాత రెండు మూడు తరాలు ఎవరో ఎంచి వేసిన పాటల్ని వింటూనే పొలం పని, వంట పని చేసుకున్నాయి. తర్వాత ఏ పాట వస్తుందో తెలియకపోవడం వాళ్లకి లోటు కాదు, వినడంలో మజాయే అది. ఖాళీ సెర్చ్ బాక్స్ చూపించి "మీకేం కావాలో టైప్ చేయండి" అంటే, ముందు తెలుగు కీబోర్డ్ దగ్గరే బండి ఆగిపోతుంది. కారవాన్ అడిగే ప్రశ్న ఒక్కటే, ఎవరి పాటలు కావాలి అని. అదీ చక్రం తిప్పి జవాబు చెప్పొచ్చు.

ఎనిమిది వందల ప్లేయర్‌కి ఏమైంది?

"సరే, ఫోన్ వద్దంటే మెమరీ కార్డు ప్లేయర్ ఉందిగా, వెయ్యి లోపే వస్తుంది" అంటారు. కరెక్ట్ ప్రశ్న. పదీ పన్నెండేళ్ల కింద మన ఊళ్లలో ప్రతి సెల్ షాపు ముందూ ఇదే వ్యాపారం. కార్డు ఇస్తే, కొన్ని నోట్లు తీసుకుని, కంప్యూటర్ నుంచి పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. కీప్యాడ్ ఫోన్లు, ఆటోల్లో ప్లేయర్లు, ట్రాక్టర్ల మీద బాక్సులు, అన్నీ ఆ కార్డుల మీదే నడిచాయి. ఇప్పటికీ నడుస్తున్నాయి.

లెక్క కూడా సింపులే. నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో దాదాపు 4 ఎంబీ. ఐదు వేల పాటలు అంటే 20 జీబీ. 32 జీబీ కార్డులో హాయిగా పడుతుంది, కార్డు ధర కొన్ని వందలే. మరి అయిదారు వేలు ఎందుకు?

అలాంటి ప్లేయర్‌ని ఒక వారం వాడి చూస్తే తెలుస్తుంది. చాలా చవక ప్లేయర్లు పాటల్ని అక్షర క్రమంలో వేయవు, కార్డులోకి ఏ వరుసలో కాపీ అయ్యాయో ఆ వరుసలో వేస్తాయి. కొన్నిటికి స్క్రీన్ ఉండదు, ఉన్నవాటిలో నంబర్ తప్ప పేరు కనపడదు. 2,316వ పాట కావాలంటే తర్వాతి పాట బటన్ ఎన్నిసార్లు నొక్కాలి? కరెంటు పోయి వస్తే కొన్ని ప్లేయర్లు మళ్లీ మొదటి పాట నుంచి మొదలెడతాయి. అందుకే చాలా ఇళ్లలో ఆ మొదటి ఇరవై పాటలే ఏళ్ల తరబడి మోగుతుంటాయి. డౌన్‌లోడ్ పాటల్లో ఒకటి గుసగుసలా, తర్వాతిది చెవులు పగిలేలా ఉంటుంది. మధ్యలో ఏదో వెబ్‌సైట్ పేరు గట్టిగా అరిచే గొంతు. ఒకే పాట మూడు కాపీలు. 64 జీబీ కార్డు కొంటే ఇంకో తంటా. ఆ సైజు కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, చవక ప్లేయర్లలో చాలావాటికి అది చదవడం రాదు. కార్డు పెట్టగానే మౌనం. షాపులో అడిగితే "కార్డు పోయింది సార్" అంటారు. కార్డుకి ఏమీ కాలేదు.

వీటిలో ఒక్కటీ హార్డ్‌వేర్ లోపం కాదని గమనించండి. చిప్ అదే, స్పీకర్ అదే. ఎవరో ఒకరు కూర్చుని పాటల్ని గాయకుడి వారీగా, మూడ్ వారీగా వేరు చేసి, డూప్లికేట్లు తీసేసి, శబ్దం సమానం చేసి, చక్రంలోని ఒక్కో గడికి ఒక్కో మూట కట్టాలి. బోర్ కొట్టే పని. స్పెక్ షీట్‌లో ఎక్కడా కనపడదు. కారవాన్‌లో మనం డబ్బు పెట్టేది ఎక్కువగా ఈ పనికే.

పాతవే కదా, ఎవరైనా పెట్టొచ్చుగా?

పెట్టలేరు. అసలు కోట గోడ ఇక్కడే ఉంది.

సరేగమ అంటే పాత గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. కుక్క బొమ్మ ఉన్న హెచ్ఎంవీ రికార్డులు గుర్తున్నాయా, ఆ కంపెనీయే. 1900ల మొదట్లో కలకత్తాలో అడుగుపెట్టి, దశాబ్దాల పాటు ఈ దేశంలో పాట అంటే తమ రికార్డే అన్నట్టు నడిపించింది. 2000లో పేరు సరేగమగా మారింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత కూడా హెచ్ఎంవీ రికార్డుగానే జనంలోకి వచ్చింది. కృష్ణా జిల్లా గుళ్లల్లో, పెళ్లి పందిళ్లలో, విషాదం జరిగిన ఇళ్లలో ఆ గొంతు వినని వాళ్లుండరు. అంటే కంపెనీ దగ్గర ఎన్నో పాత పాటల హక్కులు ముందే ఉన్నాయి. కొత్తగా పాటలు కొనాల్సిన పని పెద్దగా లేదు, ఒక డబ్బా చేయించి అందులో పోస్తే చాలు.

అదే పని ఒక స్పీకర్ కంపెనీ చేయాలంటే ఒక్కో పాటకి లైసెన్స్ తెచ్చుకోవాలి. "అరవై డెబ్భై ఏళ్ల పాటలకి ఇంకా హక్కులేంటి?" అనే డౌట్ రావొచ్చు. మన చట్టంలో ఒక మెలిక ఉంది. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కానీ పాట రాసిన కవి, బాణీ కట్టిన స్వరకర్త హక్కులు వాళ్లు చనిపోయిన తర్వాత ఇంకో 60 ఏళ్లు నడుస్తాయి. మాయాబజార్ 1957లో వచ్చింది, కాబట్టి ఆ రికార్డింగ్ హక్కు 2017తో ముగిసే లెక్క. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో చనిపోయారు, కాబట్టి సాహిత్యం మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. ఒకే పాటకి రెండు మూడు గడియారాలు వేర్వేరుగా తిరుగుతుంటాయన్నమాట. ఈ తలనొప్పి పడి వేల పాటలు కలపడం ఏ స్పీకర్ కంపెనీకీ గిట్టుబాటు కాదు. అందుకే వాళ్లు డబ్బా అమ్మి, "పాటలు మీరే చూసుకోండి" అంటారు.

అంటే రెండు ప్లేయర్లు టెక్నికల్‌గా సమానమే, కానీ ఒకరి చేతిలో పాటల బీరువా తాళం ఉంది, ఇంకొకరి చేతిలో లేదు.

ఐపాడ్ కథలోనూ ఇదే మలుపు

ఇదేదో మన దగ్గర పుట్టిన వింత కాదు. 2001 అక్టోబర్‌లో యాపిల్ మొదటి ఐపాడ్ తెచ్చినప్పుడు దాని ధర 399 డాలర్లు, స్టోరేజ్ 5 జీబీ, పనిచేసేది మ్యాక్‌తో మాత్రమే. అంతకు ముందే క్రియేటివ్ కంపెనీ నోమాడ్ జూక్‌బాక్స్‌లో 6 జీబీ ఇచ్చింది. స్పెక్స్ చదివే జనం ఐపాడ్‌ని చూసి నవ్వారు.

తేడా ఎక్కడంటే, నోమాడ్ సైజు సీడీ ప్లేయర్ అంత. ఐపాడ్‌లో తోషిబా తయారు చేసిన 1.8 అంగుళాల చిన్న హార్డ్ డిస్క్ ఉండటంతో జేబులో పట్టింది. నోమాడ్‌లోకి యూఎస్‌బీ 1.1 ద్వారా పాటలు ఎక్కించడానికి గంటలు పట్టేది, ఐపాడ్ ఫైర్‌వైర్ ద్వారా ఆ పని నిమిషాల్లో చేసింది. వెయ్యి పాటల్లో ఏదైనా చక్రం తిప్పి పట్టుకోవచ్చు. 5 జీబీ అని కాకుండా వెయ్యి పాటలు అని చెప్పడం కూడా తెలివే. జీబీలు ఎవరికి కావాలి? కారవాన్ అట్టపెట్టె మీద కూడా పాటల సంఖ్యే పెద్దక్షరాల్లో ఉంటుంది చూడండి.

అయినా ఐపాడ్ అమ్మకాలు వెంటనే ఎగిరిపోలేదు. 2002లో విండోస్‌కి దారి తెరిచారు, 2003 ఏప్రిల్‌లో పాట 99 సెంట్లకి అమ్మే ఐట్యూన్స్ స్టోర్ పెట్టారు, ఆ అక్టోబర్‌లో ఐట్యూన్స్‌ని విండోస్‌లోకి తెచ్చారు. అప్పుడు అందుకుంది. పాట కొనడం, కంప్యూటర్‌లో సర్దడం, ప్లేయర్‌లోకి ఎక్కించడం, వినడం, ఈ నాలుగూ ఒకే తాడు మీదకి వచ్చాయి. 2006లో మైక్రోసాఫ్ట్ జూన్ తెచ్చింది. స్క్రీన్ పెద్దది, ఎఫ్ఎం ఉంది, ప్లేయర్ నుంచి ప్లేయర్‌కి వైఫైలో పాట పంపొచ్చు. స్పెక్స్‌లో తీసిపోయేది కాదు, కానీ నిలబడలేదు. ఐపాడ్ మాత్రం 2022 మే దాకా ఏదో ఒక రూపంలో అమ్ముడవుతూనే ఉంది.

ఐపాడ్ పాటల్ని ఎక్కించే పనిని సులువు చేసింది. కారవాన్ ఆ పనినే లేకుండా చేసింది. ఎవరి కోసం చేస్తున్నామన్న దాంట్లోనే తేడా.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ కావాలంటే సోనీ వాక్‌మన్ ఏ105. 2020లో మన దేశంలో 23,990 రూపాయలకి వచ్చింది. ఆండ్రాయిడ్, వైఫై, హై రిజల్యూషన్ ఆడియో, అన్నీ ఉన్నాయి. సౌండ్ క్వాలిటీలో కారవాన్ దాని ముందు నిలవదు. దాన్ని మైలవరంలో ఎవరి ఇంట్లోనైనా చూశారా? నేనైతే చూడలేదు.

దెబ్బతినేది ఎక్కడ

ఇంత పొగిడాను కదా అని కళ్లు మూసుకుని ఆర్డర్ పెట్టకండి. బలం ఏదో బలహీనత కూడా అదే.

పాటలన్నీ కంపెనీ తన దగ్గరున్న వాటిలోంచి ఇస్తుంది. ఘంటసాల, సుశీల, జానకి, బాలు తొలినాళ్ల పాటలు ఇష్టపడేవాళ్లకి పండగే. కానీ తెలుగులో తొంభైల తర్వాతి సినిమా పాటలు ఎక్కువగా ఆదిత్య, లహరి లాంటి కంపెనీల చేతుల్లో ఉన్నాయి. మీ నాన్నగారికి ఇప్పుడు యాభై ఏళ్లనుకోండి, ఆయన కాలేజీ రోజులు తొంభైల్లో గడిచాయి. ఆయన ఊగిపోయిన పాటలు ఇందులో సగం కూడా ఉండకపోవచ్చు. డెబ్భై దాటిన తాతయ్యకి సరిపోయిన డబ్బా నాన్నకి సరిపోతుందని గ్యారంటీ లేదు. గిఫ్ట్ ఇచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు, మనసులో "పెద్దవాళ్లు" అని ఒకే పెట్టెలో వేసేస్తారు కాబట్టి.

రెండోది, లోపలి లిస్టులో మనం వేలు పెట్టలేం. నచ్చని పాట తీసేయలేం, కొత్తది ఆ చక్రంలోకి చేర్చలేం. పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు, కానీ అప్పుడది మళ్లీ మామూలు పెన్‌డ్రైవ్ ప్లేయరే. మూడోది ధ్వని. పెట్టిన డబ్బుకి సౌండ్ యావరేజ్. ఒక గదికి చాలు, పెరట్లో పెట్టి వాకిట్లో వినాలంటే కష్టం. ఐదు గంటల బ్యాటరీ ఇంట్లో ఓకే, రాత్రంతా మామిడి తోట కాపలాకి సరిపోదు. అక్కడ ఇప్పటికీ చవక ఎఫ్ఎం ప్లేయర్‌దే రాజ్యం. అది తడిసినా, పడినా, పోయినా ఎవరూ బాధపడరు.

కోవిడ్ తర్వాత కారవాన్ అమ్మకాలు మొదట్లో ఉన్న ఊపులో లేవు. ఒక ఇంటికి ఒకటి కొన్నాక రెండోది కొనే అవసరం రాదు, అప్‌గ్రేడ్ చేయడానికి కారణమూ లేదు. ఫోన్ కంపెనీలకి ఏటా కొత్త కెమెరా ఉంటుంది. ఘంటసాల కొత్త పాటలు పాడరు కదా.

మరి కొనాలా?

ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. ఇంటికి ఫోన్ చేసి, మీరు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వాళ్లతో పాటల గురించి మాట్లాడండి. వాళ్లకి ఇష్టమైన పది పాటలు రాసుకోండి. మీరు కొనాలనుకున్న మోడల్ పాటల లిస్టు తెరిచి ఒక్కోటి వెతకండి. ఏడు, ఎనిమిది దొరికితే కొనేయండి, ఆలోచించకండి. మూడు నాలుగే దొరికితే ఆపండి. తెలుగు మోడలో కాదో అట్టపెట్టె మీద రెండుసార్లు చూసుకోండి, ఆన్‌లైన్‌లో హిందీది క్లిక్ చేసేయడం చాలా ఈజీ. వీలైతే బెజవాడలో ఏదైనా షోరూమ్‌లో ఒకసారి చక్రం తిప్పి చూడండి. చేతివేళ్లు బిగుసుకుపోయిన వాళ్లకి ఆ చక్రం తిరుగుతుందా, స్క్రీన్ మీద అక్షరాలు కళ్లద్దాలు లేకుండా కనిపిస్తాయా అన్నది ఏ రివ్యూలోనూ ఉండదు.

పాటలు దొరక్కపోతే మీరే ఒక కారవాన్ తయారు చేయొచ్చు. ఇంట్లో సొంత సీడీలు, డబ్బు పెట్టి కొన్న పాటలు ఉంటే ఒక ఆదివారం పని. 32 జీబీ కార్డు తీసుకోండి, అంతకన్నా పెద్దది వద్దు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. గాయకుడికో ఫోల్డర్ పెట్టి, పేర్ల ముందు 01, 02 అని నంబర్లు వేయండి. ఫోల్డర్ మార్చే బటన్ ఉన్న ప్లేయరే కొనండి, అది లేకపోతే ఈ శ్రమంతా వృథా. ఎంపీ3గెయిన్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో అన్ని పాటల శబ్దం ఒకే స్థాయికి తెండి. ఫోల్డర్లని ఒకేసారి గుంపుగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి వరుసలో కాపీ చేయండి, ఎందుకో పైన చెప్పాను. ఐదు వేల పాటలు అక్కర్లేదు. నిజంగా వినేవి మూడు వందలు పెడితే చాలు, అవే ఇరవై గంటలు వస్తాయి. ప్లేయర్ మీద తెలుగులో చిన్న చీటీ అంటించండి, ఏ బటన్ నొక్కితే ఏ ఫోల్డర్ వస్తుందో.

అదే కార్డుకి ఇంకో కాపీ తీసి మీ దగ్గర ఉంచుకోండి. చవక కార్డులు ఏదో ఒక రోజు పోతాయి, పోయిన రోజు ఇంటి నుంచి ఫోన్ మీకే వస్తుంది.